పులికాట్ బాతులూ, తాళం తీయని లాడ్జీ

తెల్లవారకముందే గేటు తీయని లాడ్జిలో దిగితే పులికాట్ సరస్సు యాత్ర సగం పాడైనట్టే. ఈ జనవరిలో నేను, మా ఆవిడ, పక్షులంటే ప్రాణం పెట్టే మా మామగారు తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సూళ్లూరుపేటకు హాయిగా చేరుకున్నాము.

ఫోనులో 1,200 రూపాయలని చెప్పిన గదికి, సామాను దించాక 1,800 అడిగారు. రాత్రివేళ వేరేచోట వెతుక్కోలేక కట్టాము. నాలుగున్నరకే బయలుదేరాలని మేనేజరుకు రెండుసార్లు చెప్పి, ఆయన చేత సరేననిపించుకున్నాము. అయినా ఆ వేళకు కిందికి దిగితే గేటుకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న వాచ్‌మన్ లేడు, మేనేజరు ఫోను ఎత్తలేదు. మామగారు బైనాక్యులర్లు మెడలో వేసుకుని మెట్లమీద కూర్చుండిపోయారు. బయట వెలుగు వస్తున్నకొద్దీ ఆయన ముఖం చూడలేకపోయాను. ఏడు కావస్తుండగా వాచ్‌మన్ వచ్చి, క్షమించమన్న మాటైనా లేకుండా తాళం తీశాడు. పైగా వేడినీళ్లకు బకెట్టుకు 30 రూపాయల చొప్పున బిల్లులో కలిపారు.

ఆ రెండున్నర గంటలు ఎందుకంత విలువైనవంటే, చలికాలపు బాతులు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున మేసి, పొద్దెక్కాక ఒడ్డుకు దూరంగా గుంపులు కట్టి విశ్రాంతి తీసుకుంటాయి. ఎండ ముదిరితే నీటిమీద గాలి అలలాడి, ఎంత మంచి బైనాక్యులర్లలోనైనా రంగులు కలిసిపోతాయి.

అయినా సరస్సు మమ్మల్ని వట్టి చేతులతో పంపలేదు. శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది కాబట్టి రెండువైపులా నీళ్లే. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి వంటి నదులు తెచ్చే మంచినీటితో ఉప్పదనం తగ్గి, లోతులేని ఆ నీటిలో మేత దొరుకుతుంది. మునగకుండా పైపైన మేసే బాతులకు అంతకంటే కావలసినదేముంది? ఆటకానితిప్ప దాటాక రోడ్డుకు దగ్గరలోనే సూదితోక బాతుల గుంపు ఒకటి ఇంకా మేస్తూ కనిపించింది. మగ బాతుకు చాక్లెట్ రంగు తల, దాని వెనుకనుంచి మెడ పక్కగా దిగే తెల్లని చార. తల నీటిలో ముంచి తోక నిలువుగా పైకెత్తినప్పుడు ఆ సన్నని ఈకలు వణకడం కూడా తెలిసింది. పక్కనే చెంచామూతి బాతులు వెడల్పాటి ముక్కులు నీటిపై ఆనించి, జల్లెడ పట్టినట్టు వడకట్టుకుంటున్నాయి. మామగారు అప్పటికిగాని మాట్లాడలేదు. ఆపైన మాటలు ఆపనూ లేదు.

నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రంలో గూడబాతులను (పెలికాన్లను) చూసి, దారిలో ఒక చిన్న హోటల్లో చేపల పులుసుతో భోజనం చేశాము. మనిషికి 140 రూపాయలు. అడిగినన్నిసార్లు అన్నం వడ్డించారు, పులుసులోని చింతపండు పులుపుకు మా ఆవిడ ఉదయపు కోపమంతా మరచిపోయింది.

నా సలహా ఒకటే: సూళ్లూరుపేటలో రాత్రి బస వద్దు. తిరుపతిలో తెల్లవారుజామున మూడింటికే కారెక్కితే వెలుగు వచ్చేసరికి సరస్సు మధ్య ఉండవచ్చు. డ్రైవరు బేటాతో కలిపి మాకు కారుకు 4,600 అయింది. బాతులు ఉత్తరాన ఉన్న చలిదేశాలకు తిరిగి వెళ్లిపోకముందే, ఫిబ్రవరికి మామగారు అదే కారును అప్పుడే మాట్లాడేశారు.