ఆరు రెన్యువళ్ల తర్వాత: కౌన్సెలర్లకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ

మన వృత్తిలో పొరపాటు జరిగిందని క్లయింట్ కేసు వేస్తే లాయర్ ఖర్చు, పరిహారం భరించే బీమా ఇది. అనంతపురంలో ఇద్దరు మానసిక కౌన్సెలర్లు, ఒక ట్రైనీ ఉన్న సెంటర్ కోసం ఈ పాలసీని ఆరేళ్లుగా కడుతున్నాం. మధ్యలో ఒకసారి కంపెనీ మారాం. ఒక లీగల్ నోటీసుకు దీన్ని వాడాం కూడా. తీసుకోవాలా వద్దా అంటే తీసుకోవాల్సిందే. అయితే ఏజెంట్ చేతిలో పెట్టే రెండు పేజీల కరపత్రం చూసి డబ్బు కట్టొద్దు. పాలసీ పూర్తి పాఠం మెయిల్లో తెప్పించుకుని, మినహాయింపుల భాగం చదివాకే కట్టండి. ఎందుకంటే కౌన్సెలర్ పనికి అసలు దెబ్బ అక్కడే ఉంటుంది.

మన దగ్గర అమ్మే ఇండెమ్నిటీ పాలసీలు చాలావరకు డాక్టర్ల కోసం రాసినవి. ఆపరేషన్‌లో పొరపాటు, తప్పు ఇంజెక్షన్, ఒంటికి గాయం, ప్రాణనష్టం లాంటివి మనసులో పెట్టుకుని రాశారు. వాటి మినహాయింపుల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: పరువు నష్టం, అక్రమ నిర్బంధం వంటి వ్యక్తిగత హాని, దానివల్ల కలిగే మానసిక గాయం, వేదన, షాక్ కవర్ కావు అని. సర్జన్‌కు ఈ వాక్యంతో పెద్ద చిక్కు లేదు. కౌన్సెలర్ మీద వచ్చే ఫిర్యాదు మాత్రం మానసిక గాయం గురించే ఉంటుంది. "నేను చెప్పుకున్న సంగతి మా ఇంట్లోవాళ్లకు చేరవేశారు", "మీ సలహా విన్నాకే నా పరిస్థితి ఇంకా దిగజారింది" అనే తీరులో వస్తాయి. గోప్యత దాటారనే ఫిర్యాదును కంపెనీ పరువు నష్టం పద్దులో వేసి పక్కన పెట్టడానికి ఆ వాక్యం దారి ఇస్తుంది.

దీనికి మందు ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే సవరణ పత్రం. కౌన్సెలింగ్ సేవలో నిర్లక్ష్యం వల్ల కలిగిందని ఆరోపించే మానసిక హాని, పొరపాటున జరిగిన గోప్యత ఉల్లంఘన ఈ పాలసీ పరిధిలోకి వస్తాయని కంపెనీ రాతపూర్వకంగా జతచేయాలి. "అన్నీ వస్తాయి సార్, నేనున్నాను కదా" అనే ఏజెంట్ మాటకు క్లెయిమ్ రోజున విలువ లేదు. మొదటి కంపెనీ ఎండార్స్‌మెంట్ ఇవ్వనంది. కంపెనీ మారడానికి కారణం అదొక్కటే.

రెండో సంగతి పరిమితి. పాలసీతో వచ్చే వివరాల పట్టికలో, అంటే షెడ్యూల్లో, రెండు అంకెలు ఉంటాయి: ఒక ఘటనకు ఎంత, ఏడాది మొత్తానికి ఎంత. వీటి నిష్పత్తి 1:1 నుంచి 1:4 దాకా పెట్టుకోవచ్చు. 40 లక్షల పాలసీ అని చెప్పి 1:4 నిష్పత్తితో ఇస్తే ఒక కేసుకు దక్కేది 10 లక్షలే. మన సెంటర్లకు ఏడాదిలో నాలుగు కేసులు పడటం అరుదు, పడితే ఒకటే పడుతుంది. కాబట్టి మొత్తం అంకె తగ్గినా సరే, నిష్పత్తి 1:1 ఉండటం మేలు. లాయర్ ఫీజు కూడా సాధారణంగా ఈ పరిమితిలోంచే పోతుంది. 10 లక్షల పరిమితిలో లాయర్ ఖర్చు 2 లక్షలైతే నష్టపరిహారానికి మిగిలేది 8 లక్షలు. పైగా ప్రతి క్లెయిమ్‌లో మొదటి కొంత మొత్తం మన జేబులోంచే కట్టాలి. దాన్ని ఎక్సెస్ అంటారు, అది లాయర్ ఖర్చుకూ వర్తిస్తుందో లేదో అడగండి. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ అదనం.

"మనం తీసుకునేది సెషన్‌కు ఐదు వందలు, ఎవరు కేసు వేస్తారు" అని చాలామంది అనుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో జిల్లా కమిషన్ పరిధిని లెక్కగట్టేది కట్టిన ఫీజును బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ఆరు వేలు ఫీజు కట్టిన క్లయింట్ జిల్లా కమిషన్‌లోనే 20 లక్షలు అడగొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. ఫిర్యాదుదారు తాను ఉండే ఊళ్లోనే కేసు వేసే వీలూ ఈ చట్టంలో ఉంది. ఆన్‌లైన్లో హైదరాబాద్ క్లయింట్‌ను చూస్తే, అనంతపురం కౌన్సెలర్ హైదరాబాద్ కమిషన్‌కు తిరగాల్సి రావచ్చు. ఉచితంగా చూసినవాళ్లు వెయ్యలేరు అనేదీ సగం నిజమే. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోని చోట అది నిజం. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోట ఉచితంగా వచ్చినవాళ్లూ వినియోగదారులేనని 1995లో సుప్రీంకోర్టు వీ.పీ. శాంత కేసులో వైద్యసేవల విషయంలో చెప్పింది.

ఈ పాలసీ బైకు ఇన్సూరెన్స్ లాంటిది కాదు. సెషన్ జరిగిన రోజున పాలసీ ఉంటే సరిపోదు, క్లెయిమ్ వచ్చిన రోజున కూడా ఉండాలి. దీన్ని క్లెయిమ్స్ మేడ్ పద్ధతి అంటారు. 2021లో జరిగిన సెషన్ మీద 2023లో నోటీసు వస్తే 2023 పాలసీయే చూసుకుంటుంది. ఏ తేదీ నుంచి చేసిన పనికి పాలసీ వర్తిస్తుందో చెప్పేది షెడ్యూల్లోని రెట్రోయాక్టివ్ తేదీ, అది ఆ సెషన్ కంటే ముందుదై ఉండాలి. ఒక్క రోజు విరామం వచ్చినా కొత్త పాలసీలో ఈ తేదీ కొత్తగా మొదలవుతుంది, పాత సెషన్లన్నీ గాలికి పోతాయి. ప్రీమియం చేరనిదే రిస్కు మొదలుకాదని బీమా చట్టం 64వీబీ సెక్షన్ చెబుతుంది. గడువు రోజు సాయంత్రం చెక్కు ఇచ్చి నిశ్చింతగా ఉండకండి. గడువుకు నెల ముందే ఆన్‌లైన్లో కట్టి రసీదు దాచుకోండి. కంపెనీ మారేటప్పుడు పాత షెడ్యూల్ జతచేసి, పాత రెట్రోయాక్టివ్ తేదీనే కొనసాగించమని రాతపూర్వకంగా అడగాలి. కొత్త షెడ్యూల్ రాగానే మొట్టమొదట చూడాల్సింది ఆ తేదీయే. మాకు వచ్చిన మొదటి ప్రింటులో అది తప్పుగా ఉంది. మెయిల్ పెడితే నాలుగు రోజుల్లో సరిచేశారు.

ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ దరఖాస్తు, ఏజెంట్‌ను నింపనివ్వొద్దు. ఎమ్మెస్సీ సైకాలజీ చేసినవాళ్లను 'క్లినికల్ సైకాలజిస్ట్' అని రాసేస్తారు. ఆ పేరుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా రాస్తే తప్పుడు సమాచారం కింద క్లెయిమ్ మొత్తం పోతుంది. చేసే పని వివరం కూడా అంతే ముఖ్యం. వ్యక్తిగత కౌన్సెలింగ్, దంపతుల కౌన్సెలింగ్, పిల్లలు, వీడియో సెషన్లు, కాలేజీ విజిట్లు అని ఒక్కొక్కటిగా రాయాలి. రాయని పని కవర్ కాదు.

సెంటర్‌కు వేరే పాలసీ కావాలా అని చాలామంది అడుగుతారు. ఫిర్యాదులో సెంటర్‌ను ఒకటో ప్రతివాదిగా, కౌన్సెలర్‌ను రెండో ప్రతివాదిగా పెట్టడం మామూలు. పాలసీ ఒక మనిషి పేరు మీదే ఉంటే సెంటర్ వాటా ఎవరూ కట్టరు. సెంటర్ పేరు మీద తీసుకుని కౌన్సెలర్లందరి పేర్లూ, ట్రైనీ పేరుతో సహా, షెడ్యూల్లో ఎక్కించడం తేలిక. మధ్యలో ఎవరైనా కొత్తగా చేరితే ఆ వారంలోనే మెయిల్ పెట్టాలి.

ఇక నోటీసు వచ్చిన రోజు. కవరు పారేయకండి, అందిన తేదీ దానిమీదే రాయండి. అదే రోజు కంపెనీ అధికారిక మెయిల్‌కు పాలసీ నంబరు, నోటీసు స్కాన్, సెషన్ల తేదీలు, ఫైలు నంబరు పంపి, దీన్ని క్లెయిమ్ సమాచారంగా నమోదు చేయమని అడగండి. క్లెయిమ్ నంబరు తిరిగి రాకపోతే మర్నాడు మళ్లీ పంపండి. ఏజెంట్‌కు ఫోన్ చేయడం కంపెనీకి తెలియజేసినట్టు కాదు. పూర్తి సెషన్ నోట్స్ మాత్రం మెయిల్లో పంపొద్దు, అవి లాయరు చేతికే ఇవ్వాలి. క్లయింట్‌కు ఫోన్ చేసి సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి. మంచి మనసుతోనైనా ఫీజు తిరిగిచ్చి "మావల్ల పొరపాటు జరిగింది" అని వాట్సాప్ పెడితే అది ఒప్పుకోలు అవుతుంది. కంపెనీ అనుమతి లేని ఒప్పుకోలుతో కవర్ పోతుంది. పాత నోట్స్‌లో ఒక్క అక్షరం దిద్దకూడదు. ఏదైనా చేర్చాలంటే ఆ రోజు తేదీ వేసి వేరే కాగితం మీద రాసి పెట్టండి.

కంపెనీలు ఇక్కడే నెమ్మది. లాయరుకు అనుమతి ఇవ్వడానికి మా విషయంలో మూడు వారాలు తీసుకున్నారు. మాది లీగల్ నోటీసు, జవాబుతోనే ముగిసింది కాబట్టి సరిపోయింది. వినియోగదారుల కమిషన్ నుంచి వచ్చిన నోటీసైతే జవాబుకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15. ఆ 45 దాటితే పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అందుకే మొదటి మెయిల్లోనే స్థానిక లాయరు పేరు, ఫీజు అంచనా పెట్టి, వారంలోగా అనుమతి ఇమ్మని అడగండి. అనుమతికి ముందు పెట్టిన ఖర్చు తిరిగి రాకపోవచ్చు. కంపెనీ పలక్కపోతే ముందు వాళ్ల గ్రీవెన్స్ విభాగానికి, ఆ తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు.

నోటీసు రాకముందే గొడవ వాసన వస్తే, అంటే క్లయింట్ భర్త వచ్చి బెదిరించినా, కోపంగా మెయిల్ పెట్టినా, అదీ కంపెనీకి తెలియజేయండి. కంపెనీ దాన్ని నమోదు చేసుకుంటే, కేసు వచ్చే ఏడాది పడినా ఈ ఏడాది పాలసీ కిందే చూస్తారు. దాచిపెట్టి రెన్యువల్ చేస్తే 'ముందే తెలిసిన విషయం' అని తోసేస్తారు.

కవర్ కానివి చెప్పుకోవాలి. కడప వైపు, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి కుటుంబాల్లో కువైట్‌లో పనిచేసేవాళ్లు చాలామంది. వాళ్లతో వీడియో సెషన్లు చేసేవాళ్లు పాలసీలో భౌగోళిక పరిధి, కోర్టుల పరిధి రెండూ చూడాలి. మామూలుగా భారతీయ కోర్టులకే పరిమితం. లైంగిక దుష్ప్రవర్తన, జరిమానాలు, చట్టాన్ని కావాలని పాటించకపోవడం మామూలుగా పాలసీల్లో రావు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి సెషన్‌లో బయటపడితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే పడే శిక్షకు బీమా ఉండదు. ఇలాంటిది బయటపడితే పోలీసులకు చెప్పాల్సి వస్తుందనే మాట మొదటి సెషన్‌లోనే తెలుగులో ఉన్న సమ్మతి పత్రంలో రాసి సంతకం తీసుకోండి. క్రిమినల్ కేసుల్లో లాయరు ఖర్చు కొన్ని పాలసీలు నేరం రుజువయ్యేదాకా ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు.

కర్నూలు, అనంతపురం రెసిడెన్షియల్ కాలేజీలతో ఒప్పందాలు చేసుకునేవాళ్లు మరో వాక్యం గమనించాలి. "విద్యార్థికి ఏం జరిగినా కౌన్సెలర్‌దే బాధ్యత, కాలేజీకి వచ్చే నష్టం కౌన్సెలరే భరించాలి" అనే షరతు ఆ ఒప్పందాల్లో దూర్చేస్తారు. చట్టం ప్రకారం లేని బాధ్యతను మనంతట మనం నెత్తిన వేసుకుంటే పాలసీ దానికి కట్టదు. ఆ వాక్యం కొట్టేయించండి. ఒప్పుకోని కాలేజీ పని వదులుకోవడమే మంచిది.

విడాకులు, పిల్లల కస్టడీ కేసుల్లో అవతలి లాయరు సెషన్ నోట్స్ అడుగుతూ నోటీసు పంపుతారు. లాయరు నోటీసుకు ఇవ్వక్కర్లేదు, కోర్టు సమన్లు వస్తే మాత్రం హాజరు కావాలి. లాయరుకు, కక్షిదారుకు మధ్య ఉండే రక్షణ మన సాక్ష్య చట్టంలో కౌన్సెలర్‌కు లేదు. సాక్షిగా వెళ్లే రోజుల ఖర్చు మా పాలసీలో రాలేదు.

ప్రాక్టీసు మానేసేవాళ్లకు చివరి సంగతి. రెన్యువల్ ఆపాక పాత సెషన్ల క్లెయిములు తెలియజేయడానికి చాలా పాలసీలు ఇచ్చే గడువు 90 రోజులే, అదీ వేరే పాలసీ లేకపోతేనే. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది. పిల్లల విషయంలో సివిల్ దావా గడువు 18 నిండాకే లెక్కలోకి రావచ్చు. అందుకే సెంటర్ మూసినా కనీసం మూడేళ్లు తక్కువ పరిమితితో పాలసీ నడపనిస్తారా అని కంపెనీని ఇప్పుడే, పాలసీ నడుస్తుండగానే, మెయిల్లో అడిగి జవాబు ఫైల్లో పెట్టుకోండి.