పిడి విప్పి చూపినవాళ్లనే నమ్మాను: ర్యోగోకు నుంచి ఒసాఫునె దాకా

సాలార్‌జంగ్ మ్యూజియంలో చిన్నప్పుడు చూసిన సమురాయ్ కత్తులు ఇప్పటికీ నన్ను వదల్లేదు. 30 సెంటీమీటర్ల లోపు పొడవుండే ‘తాంతో’ అనే జపాన్ బాకు, అదీ పాతది, ఒకటి కొనుక్కోవాలన్నది నా కోరిక. కొనే ముందు మేలైనవాటిని కళ్లారా చూడాలని వారం రోజులు జపాన్ వెళ్లాను.

టోక్యోలో ర్యోగోకు పేటలో దిగాను. గదిలో పెట్టె తెరిస్తే కాలు పెట్టడానికి చోటు లేదు. అయినా కత్తుల మ్యూజియానికి నడిచి వెళ్లవచ్చు కాబట్టి మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాను. ఈ మ్యూజియం 2018లో యోయోగి నుంచి ఇక్కడికి మారింది. నిటారుగా నిలబడి చూస్తే నాకు ఉత్త తెల్లటి ఉక్కే కనిపించింది. పక్కన ఒక పెద్దాయన మోకాళ్లు వంచి, తల మెల్లగా అటూ ఇటూ కదుపుతూ చూస్తున్నారు. నేనూ అలాగే వంగాను. దీపపు వెలుగు పదును మీదికి జారగానే మీగడ తరకలాంటి గీత, దాని పైన టేకు చెక్కలో చారల్లాంటి ఉక్కు పొరలు బయటపడ్డాయి! ఉయెనోలోని జాతీయ మ్యూజియంలోనూ గొప్ప కత్తులున్నాయి కానీ, నేను వెళ్లిన రోజు రద్దీలో అంతసేపు వంగి నిలబడటం కుదరలేదు.

టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైలులో ఒకయామాకు మూడున్నర గంటల లోపే. బస అక్కడ స్టేషన్ దగ్గరే చూసుకోండి. అక్కడి నుంచి పాతకాలపు కత్తి కమ్మరుల ఊరు ఒసాఫునెకు వెళ్లాలి. అక్కడ రైలు దిగాక కత్తుల మ్యూజియానికి టాక్సీ తప్పదు. ఒసాఫునె ఉన్న సెతోఉచి నగరం 2020లో 50 కోట్ల యెన్‌లు సమకూర్చి, జాతీయ సంపదగా గుర్తింపు పొందిన యమతొరిగె అనే కత్తిని కొన్నది ఈ మ్యూజియం కోసమే. ఒక ఊరు కత్తి కోసం అంత తపించడం నా మనసును తాకింది. ఆవరణలోనే కమ్మరులు, సానపట్టేవారు, ఒరలు చేసేవారు పని చేస్తుంటారు. ఒక్కచోటికే వెళ్లే వీలుంటే ఇక్కడికే వెళ్లండి.

తిరిగి టోక్యో వచ్చి రెండు దుకాణాలు చూశాను. మొదటి చోట పిడి విప్పమంటే కుదరదన్నారు, ధర మాత్రం చకచకా చెప్పారు. కోపం వచ్చి లేచి వచ్చేశాను. పాత కత్తి సంగతి చాలావరకు తేలేది పిడిలో దాగిన నకాగో, అంటే కత్తి మొదలు భాగం, దగ్గరే కదా. రెండో దుకాణం యజమాని అడగకముందే వెదురు మేకు తీసి, పిడి ఊడదీసి నా ముందు పెట్టారు. నకాగో పాత చింతపండులా నల్లబడి ఉంది. ఆ తుప్పు వయసుకు సాక్ష్యం, దాన్ని తోమితే కత్తి విలువ పోతుంది. దాని మీద ఒసాఫునె సుకెసదా అని చెక్కి ఉంది. నా గుండె వేగం పెరిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ పేరు పెట్టుకున్న కమ్మరులు ఎందరో ఉన్నారట. యుద్ధాల కాలంలో గుంపగుత్తగా చేసినవాటి మీద ఈ పొట్టి సంతకమే ఉంటుందని, మేలైన పనిమీదైతే కమ్మరి సొంత పేరు కూడా చెక్కుతారని ఓపిగ్గా చెప్పారు.

కొన్నా వెంటనే చేతికి రాదు. దేశం దాటించాలంటే సాంస్కృతిక వ్యవహారాల శాఖ అనుమతి కావాలి, దానికి వారాలు పడుతుంది. ఆ కాగితాల పని తామే చూస్తామన్నారు. చివరికి లవంగ నూనె గుడ్డతో కత్తిని తుడిచి, ఒరలో పెట్టి, "తొందరేం లేదు, సొంత పేరున్నది దొరికినప్పుడు కబురు చేస్తాను" అన్నారు. ఆ కబురు కోసమే ఎదురుచూస్తున్నాను.