సర్కారు దవాఖానాలో మెట్ల పక్కన కౌన్సెలింగ్ గది: 5కి 4 స్టార్లు

ముందే చెప్తున్నా, ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే మా బస్తీలో ఆ పిల్ల ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. హైదరాబాద్‌లోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రి, అందులో ఓపీ దాటాక మెట్ల పక్కన టీనేజ్ పిల్లల కౌన్సెలింగ్ కోసం ఒక చిన్న గది ఉంది. ఈ రివ్యూ ఆ గది గురించే. పిల్ల వివరాలు కూడా కొన్ని మార్చాను.

నాకు టైలరింగ్ షాపు ఉంది. నా దగ్గర హెమ్మింగ్‌కీ హుక్స్ కుట్టడానికీ వచ్చే అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ మధ్యలో మానేసింది. ఒకరోజు పని చేస్తూ చేస్తూ కళ్లు తిరిగి పక్కకు ఒరిగిపోయింది. నీళ్లు తాగించి అడిగితే ఏం లేదక్కా అంది, సాయంత్రం షట్టర్ సగం దించాక అప్పుడు చెప్పింది, డేట్ రాక రెండు నెలలు దాటిందని. మెడికల్ షాపులో ఎవరితోనో మాత్ర తెప్పించుకుని వేసుకుందట, అయినా డేట్ రాలేదని ఏడుపు. అట్ట పెట్టె చూస్తే అది 72 గంటల్లోపు వేసుకునే మాత్ర. కలిసిన తర్వాత ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది, అదీ గర్భం రాకుండా ఆపడానికే. వచ్చేసిన గర్భాన్ని అది ఏమీ చేయదు. ఈ ఒక్క ముక్క ఆ పిల్లకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండు నెలలు లోపల్లోపల కుమిలేది కాదు కదా అని నాకు ఇప్పటికీ బాధ.

వాళ్లమ్మ నాలుగిళ్లలో పని చేసుకుని బతుకుతుంది. విషయం చెప్పగానే పిల్లను రెండు దెబ్బలు కొట్టి, తనే ఏడ్చి, చివరికి "ఈ నెలలోనే వాడికిచ్చి పెళ్లి చేసేస్తా, గుట్టుగా అయిపోతది" అంది. ముందు దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేట్ క్లినిక్‌కి వెళ్లాం. రిసెప్షన్‌లో పది మంది ముందు "పెళ్లయిందా" అని గట్టిగా అడిగారు. లోపల ఇంకా ఘోరం, 25 వేలు కట్టండి, కాగితాలేమీ ఉండవు, సాయంత్రానికి ఇంటికి పంపేస్తాం అన్నారు. ఒంట్లో రక్తం ఎంతుందో కూడా చూడలేదు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. మా బస్తీ ఆశా అక్కను అడిగితే ఈ గది సంగతి చెప్పింది.

ఇక అసలు విషయం. కౌన్సెలర్ మేడం మమ్మల్ని చూడగానే "అమ్మా, మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి, నేను పాపతో మాట్లాడి పిలుస్తా" అంది. వాళ్లమ్మకు కోపం వచ్చింది, కన్నతల్లిని నన్ను బయటికి పొమ్మంటుందేంది అని. నలభై నిమిషాలు బెంచీ మీద కూర్చున్నాం. తర్వాత పిల్ల చెప్పింది, మేడం మొదట అడిగింది "పొద్దున ఏమన్నా తిన్నావా బిడ్డా" అని, ఆ తర్వాత "నీకు ఇష్టం లేకుండా జరిగిందా, ఎవరన్నా బెదిరించారా" అని. ఈ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు, వాళ్లమ్మా అడగలేదు, నేనూ అడగలేదు. మేమంతా ఎవడు, ఎప్పుడు, ఎక్కడ అనే అడిగాం. నా నాలుగు స్టార్లలో మూడు ఆ ఒక్క ప్రశ్నకే.

తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచి పెళ్లి మాట ఎత్తింది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా చేస్తే 2006 చట్టం ప్రకారం అది బాల్యవివాహం, చేసిన పెద్దల మీద కేసు అవుతుంది, కళ్యాణలక్ష్మి కూడా రాదు అని చెప్పింది. వాళ్లమ్మ అయినా వినలేదు. అప్పుడు మేడం చెప్పిన మాట పనిచేసింది: "తాళి కట్టినంత మాత్రాన పిల్ల ఒళ్లు పెద్దది కాదమ్మా". ఈ వయసులో నడుము ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగకపోతే కాన్పు కష్టమవుతుంది, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం పెద్దవాళ్లకంటే ఎక్కువ, బిడ్డ నెలలు నిండకుండా లేదా రెండున్నర కేజీల కంటే తక్కువ బరువుతో పుట్టొచ్చు, చదువు సంగతి సరేసరి. ఇవన్నీ బెదిరిస్తున్నట్టు కాకుండా నెమ్మదిగా చెప్పింది. రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది, హిమోగ్లోబిన్ 8, అంటే ఒంట్లో రక్తం బాగా తక్కువ. ఆ అంకె చూశాక వాళ్లమ్మ మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు.

స్కానింగ్‌లో పది వారాలు అని తేలింది. చాలామందికి తెలియని సంగతి ఇక్కడ రాస్తున్నా, దయచేసి చదవండి. మన దేశంలో అర్హత ఉన్న డాక్టర్ దగ్గర, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో గర్భస్రావం చేయించుకోవడం 1971 చట్టం నుంచీ చట్టబద్ధమే. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 2021 సవరణ తర్వాత మైనర్ పిల్లలకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 వారాల వరకు కుదురుతుంది. 18 నిండని పిల్లకైతే తల్లో తండ్రో లేదా సంరక్షకులో సంతకం పెట్టాలి. పిల్ల తనకు ఇప్పుడు ఈ బిడ్డ వద్దంది, అదీ మేడం ఒంటరిగా అడిగాకే రాసుకున్నారు, ఆ తర్వాతే తల్లి సంతకం.

పోలీసులు అనగానే వాళ్లమ్మ వణికిపోయింది. 18 లోపు పిల్ల గర్భంతో వస్తే, పిల్లల మీద లైంగిక నేరాలను ఆపడానికి పెట్టిన పోక్సో చట్టం కింద డాక్టర్ పోలీసులకు తెలియజేయక తప్పదు, ఇష్టంతో జరిగినా అంతే. కానీ 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, పిల్లా సంరక్షకులూ కోరితే ఆ రిపోర్టులో డాక్టర్ పిల్ల పేరు, వివరాలు రాయనక్కర్లేదని. మేడం ఇది చెప్పాక గాని ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు. చాలా కుటుంబాలు ఈ భయంతోనే ఆ కాగితాల్లేని క్లినిక్కుల వైపు పోతాయని నాకు అప్పుడు అర్థమైంది.

ఆసుపత్రి పని బాగానే జరిగింది, ఒక్క రూపాయి అడగలేదు. ఐరన్ మాత్రలు ఇచ్చి, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆ రెండోసారి మేడం కండోమ్ ఎలా వాడాలో, అది జబ్బుల నుంచి కూడా ఎలా కాపాడుతుందో, 72 గంటల మాత్ర ఎప్పుడు పనిచేస్తుందో, అది రోజూ వాడేది ఎందుకు కాదో, బొమ్మల పుస్తకం పెట్టి చెప్పింది. వద్దు అనే మాట ఎలా అనాలో కూడా పిల్లతో రెండు మూడు సార్లు గట్టిగా అనిపించింది. ఇవి చెప్తే పిల్లలు చెడిపోతారని మనలో చాలామంది అంటారు. చెప్పకపోతే ఏమవుతుందో నేను నా షాపులోనే చూశాను.

ఇది మా ఒక్క బస్తీ కథ కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 23 మందికి పైగా 18 లోపే పెళ్లయినవాళ్లు. పెళ్లయిన పిల్లలకు కూడా ఈ గది అవసరమే. 17 ఏళ్ల కోడలికి కొన్నాళ్లు ఆగుదాం అని అత్తగారితో చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక ఒక స్టార్ ఎందుకు తీసేశానంటే, ఆ గదికి బోర్డు సరిగ్గా లేదు. ఓపీ కౌంటర్‌లో అడిగితే ముగ్గురు మూడు వైపులా చూపించారు. మధ్యాహ్నం దాకానే ఉంటుంది, కాలేజీ పిల్ల క్లాసు మానకుండా రాలేదు. తలుపు సరిగ్గా పడదు, లోపల మాట బెంచీ దాకా వినిపిస్తుంది, వేరే ఎక్కడైనా సరే గాని ఈ గదికి తలుపే ముఖ్యం కదా. ఇంకోటి, నేను వెళ్లిన రెండుసార్లూ అక్కడ ఒక్క మగపిల్లాడు కనిపించలేదు, గోడ మీద పోస్టర్లలో కూడా అందరూ ఆడపిల్లలే.

వెళ్లేవాళ్లు పొద్దున తొందరగా వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి, పిల్లకు ఏమైనా తినిపించి తీసుకెళ్లండి, బయట కూర్చోమంటే గొడవ పడకుండా కూర్చోండి. వెళ్లే దారి లేని పిల్లలకు 1098 ఉంది, చైల్డ్ హెల్ప్‌లైన్, ఫోన్‌కి డబ్బులు పడవు. ఆ నంబర్ నేను మా షాపు ట్రయల్ రూంలో అద్దం పక్కన పెద్దక్షరాలతో అంటించాను. జాకెట్ కొలతలు చూసుకోవడానికి వచ్చిన పిల్ల గడియ పెట్టుకుని ఒంటరిగా నిలబడేది అక్కడే. మొన్న ఒకమ్మాయి బయటికి వచ్చాక ఆ నంబర్ ఏంటి ఆంటీ అని అడిగింది.