ఆర్సెనిక్‌ను గెంటేయడం మేలా, లోపలే బంధించడం మేలా? ఈస్ట్ లెక్క ఒకటి, వరి లెక్క ఇంకొకటి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తాటికల్లును పులియబెట్టే ఈస్ట్‌లలో ముఖ్యమైనది శాకరోమైసిస్ సెరివిసియే. రొట్టెను పొంగించేదీ, ప్రపంచమంతటా జన్యుశాస్త్ర ప్రయోగశాలల్లో పెరిగేదీ ఆ జాతే. దాని పూర్తి జన్యుక్రమం 1996లో వెలువడింది. ఆ మరుసటి ఏడాదే పోలండ్, బెల్జియం పరిశోధకులు దాని పదహారో క్రోమోసోమ్ చివరన పక్కపక్కనే ఉన్న మూడు జన్యువులు ఆర్సెనిక్‌ను తట్టుకునే శక్తినిస్తాయని చూపారు. ఆ మూడింటికీ ఏఆర్‌ఆర్1, ఏఆర్‌ఆర్2, ఏఆర్‌ఆర్3 అని పేర్లు. ఆర్సెనిక్ అనగానే మన వైపు చాలామందికి ఉద్దానం కిడ్నీ జబ్బు గుర్తుకొస్తుంది కనుక ఒక మాట ముందే చెప్పాలి: ఆ జబ్బుకు ఏ ఒక్క కారణమూ ఇంతవరకు ఖాయం కాలేదు, ఈ వ్యాసానికీ దానికీ ముడిపెట్టడం తొందరపాటు అవుతుంది.

ఆర్సెనిక్ కోసమని కణం ప్రత్యేకంగా తలుపులేమీ పెట్టుకోలేదు. ఆర్సినేట్ అనే రూపం ఫాస్ఫేట్‌ను పోలి ఉంటుంది కనుక ఫాస్ఫేట్‌ను మోసే ప్రోటీన్ల గుండా వస్తుంది. ఆర్సినైట్ అనే రెండో రూపం గ్లిసరాల్‌ను పోలి ఉంటుంది కనుక గ్లిసరాల్ రాకపోకలకు ఉన్న ఎఫ్‌పీఎస్1 అనే ద్వారం గుండా, కొంతవరకు చక్కెరలను మోసే ప్రోటీన్ల గుండా కూడా దూరుతుంది. లోపలికి వచ్చిన ఆర్సినైట్ ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుంటుంది. కొత్తగా తయారవుతున్న ప్రోటీన్లు సరిగా ముడుచుకోలేక ఉండలు కడతాయి. ఇంట్లో పాము దూరినప్పుడు తరిమేయాలా, బుట్ట బోర్లించి పైన బరువు పెట్టాలా, ముందు కన్నం పూడ్చాలా అన్న సందిగ్ధం కణానికీ ఎదురవుతుంది. మూడు పనులకూ దాని దగ్గర జన్యువులున్నాయి.

తరిమే పని ఏఆర్‌ఆర్3ది. కణ త్వచంలో కూర్చున్న ఈ ప్రోటీన్ ఒక ప్రోటాన్‌ను లోపలికి రానిస్తూ ఆ వేగంతో ఆర్సినైట్‌ను బయటికి తోస్తుంది. అయితే దీనికి ఆర్సినేట్‌ను తోసే శక్తి లేదు. అందుకే ఏఆర్‌ఆర్2 అనే ఎంజైమ్ ముందుగా ఆర్సినేట్‌ను ఆర్సినైట్‌గా మారుస్తుంది. తక్కువ విషాన్ని ఎక్కువ విషంగా మార్చడం పైకి తెలివితక్కువ పనిలా కనిపించినా, బయటికి పోయే దారి ఆ రూపానికే ఉన్నప్పుడు కణానికి వేరే మార్గం లేదు.

బంధించే పని వైసీఎఫ్1 అనే ప్రోటీన్‌ది. ఇది రిక్తిక పొర మీద ఉంటుంది; రిక్తిక అంటే కణం లోపల పదార్థాలను విడిగా దాచే సంచి. ఒక్కో ఆర్సినైట్‌కు మూడేసి గ్లూటాథయోన్ (గంధకం ఉన్న చిన్న రక్షక పదార్థం) అణువులు అతుక్కున్న తరువాత ఆ కట్టను మొత్తంగా రిక్తికలోకి నెడుతుంది. ఖర్చు ఇక్కడే తేడా పడుతుంది. ఒక గ్లూటాథయోన్ తయారవడానికి రెండు ఏటీపీలు (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువులు) కావాలి. అంటే ఒక్క ఆర్సెనిక్ అణువును కట్టకట్టడానికే ఆరు ఏటీపీలు, ఆపైన నెట్టడానికి అయ్యేది వేరు, గ్లూటాథయోన్‌లో భాగమైన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కోసం తెచ్చుకోవలసిన గంధకం వేరు. ఆర్సినైట్ తగిలిన ఈస్ట్ తనలోని గంధకాన్ని ఇతర ప్రోటీన్ల తయారీ నుంచి గ్లూటాథయోన్ వైపు మళ్ళిస్తుందని తెలిసిన తరువాత, ఈ దారి ఎంత బరువైనదో అర్థమవుతుంది. కానీ దీనికి ఒక విశాలత ఉంది: వైసీఎఫ్1 కాడ్మియం, పాదరసం, యాంటిమొనీలను కూడా బంధిస్తుంది. ఏఆర్‌ఆర్3కు ఆర్సినైట్ తప్ప పెద్దగా మరేదీ పట్టదు.

కన్నం పూడ్చే సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. హాగ్1 అనే కైనేజ్ ఎఫ్‌పీఎస్1 మీద ఫాస్ఫేట్ తగిలించి ఆ ద్వారాన్ని ఇరుకు చేస్తుంది, దాంతో ఆర్సినైట్ రాక తగ్గుతుంది. అయితే అదే ద్వారం గుండా ఆర్సినైట్ బయటికి కూడా పోగలదని తరువాత తేలింది. పూర్తిగా మూసేస్తే లాభంతోపాటు కొంత నష్టం కూడా ఉంటుందన్నమాట. ఇది సాయపడే పద్ధతే తప్ప, దీని మీదే ఆధారపడి బతకడం కుదరదు.

ఈ పనులను ఎవరు, ఎప్పుడు మొదలుపెట్టిస్తారన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే భాగం. గెంటే దారికి అధికారి ఏఆర్‌ఆర్1. దీనినే యాప్8 అని కూడా అంటారు. బంధించే దారికి ముఖ్య అధికారి యాప్1. రెండూ ఒకే కుటుంబానికి చెందిన ప్రోటీన్లైనా నడత వేరు. యాప్1 మామూలు వేళల్లో కేంద్రకంలోకి వెళుతూ, మళ్ళీ బయటికి పంపబడుతూ ఉంటుంది. ఆక్సీకరణ ఒత్తిడి గాని, భారలోహం గాని తగిలితే ఆ బయటికి పంపడం ఆగిపోతుంది, యాప్1 కేంద్రకంలోనే ఉండిపోయి వైసీఎఫ్1తో సహా అనేక జన్యువులను లేపుతుంది. యాప్8 కథ వేరు. కణం దానిని ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది, తయారైనదానిని యుబిక్విటిన్ అనే ముద్ర వేసి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌లో నరికేస్తూనే ఉంటుంది. ఆర్సినైట్ వచ్చినప్పుడు అది నేరుగా యాప్8లోని సిస్టీన్లకు అతుక్కుంటుంది. అప్పుడు యాప్8 నరుకుడు తప్పించుకుని నిలబడి, ఏఆర్‌ఆర్2, ఏఆర్‌ఆర్3 జన్యువుల నడుమ ఉన్న ఉమ్మడి ప్రమోటర్‌ను, అంటే జన్యువులను మొదలుపెట్టించే డీఎన్ఏ భాగాన్ని, పనిచేయిస్తుంది. ప్రోటీన్లను పాడుచేసే విషం ఏ గంధకాన్ని పట్టుకుంటుందో, ఆ గంధకాన్నే కణం విషాన్ని కనిపెట్టడానికి వాడుకుంటోంది. చేసినదాన్ని చేసినట్టే నరికేయడం దుబారాలా తోచవచ్చు. కానీ ప్రోటీన్ ముందే తయారై ఉండటం వల్ల విషం తగిలిన వెంటనే స్పందన మొదలవుతుంది. ఆ వేగానికి ఈ ఖర్చు ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం.

మరి ఈస్ట్‌కు ఏది మేలు? తరగతిలో ఈ ప్రశ్నకు జవాబుగా నేను ముందు బోర్డు మీద ఒక పెట్రీ పళ్ళెం గీస్తాను. సోడియం ఆర్సినైట్ కలిపిన అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) మీద నాలుగు వరసలు. ప్రతి వరసలోనూ ఎడమ నుంచి కుడికి పదేసి రెట్లు పలచబరిచిన ఈస్ట్ చుక్కలు పెట్టి, 30 డిగ్రీల వేడిలో రెండు మూడు రోజులు ఉంచుతారు. జన్యువులన్నీ ఉన్న మామూలు ఈస్ట్ వరసలో కుడి చివరి చుక్క దాకా మీగడ రంగు మచ్చలు లేస్తాయి. వైసీఎఫ్1 తీసేసిన వరసలో పెరుగుదల కొంత తగ్గుతుంది. ఏఆర్‌ఆర్3 తీసేసిన వరస దాదాపు ఖాళీ అవుతుంది. రెండూ తీసేసిన నాలుగో ఈస్ట్‌కు, మూడో వరస తట్టుకోగల కొద్దిపాటి ఆర్సినైట్ కూడా ప్రాణాంతకమే. గెంటడమే ప్రధాన రక్షణ, బంధించడం దానికి తోడు, రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా సమాంతరంగా నడుస్తాయి అన్న మూడు సంగతులూ ఈ వరసలను పోల్చి చూస్తే కనిపిస్తాయి. ప్రకృతిలో దొరికే ఈస్ట్ రకాలదీ ఇదే సాక్ష్యం. ఏఆర్‌ఆర్ జన్యువుల గుంపు క్రోమోసోమ్ కొసన ఉండటం వల్ల కొన్ని రకాల్లో అది పోయింది, కొన్నింటిలో ఒకటికి మించి ప్రతులుగా పెరిగింది. ప్రతులు పెరిగిన కొద్దీ ఆర్సినైట్‌ను తట్టుకునే శక్తీ పెరుగుతుంది.

ఈ తీర్పును అలాగే తీసుకెళ్ళి వరికి వర్తింపజేస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఒంటరి కణానికి బయట అంటే బయటే. వేరులోని కణానికి మాత్రం ఒక వైపు మట్టి, మరో వైపు గింజ దాకా నీరు మోసుకెళ్ళే దారువు ఉన్నాయి. నీరు నిలబెట్టిన మడిలో గాలి అందని మట్టి నుంచి ఆర్సినైట్ విడుదలై, వరి సిలికాన్‌ను పీల్చుకునే ఎల్‌ఎస్‌ఐ1 అనే ద్వారం గుండా వేరులోకి వస్తుంది. దానిని దారువు వైపు గెంటేది ఎల్‌ఎస్‌ఐ2 అనే ప్రోటీన్ అని 2008లో తేలింది. ఇక్కడ గెంటడం అంటే మన కంచంలోకి గెంటడమే. నాగావళి, వంశధార ఆయకట్టుల్లో ఆర్సెనిక్ ఉందని నేను అనడం లేదు; ఆ బెడద పేరుమోసినది గంగా మైదానంలో, పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో. కానీ రాగోలు పరిశోధనా స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలైనా, బెంగాల్ వరి అయినా సిలికాన్ తాగే తీరు ఒక్కటే.

వరికి ఈస్ట్ ఏఆర్‌ఆర్3ను జోడించి చూసిన ప్రయోగం 2012లో వెలువడింది. వేరు నుంచి ఆర్సినైట్ బయటికి పోవడం పెరిగింది, బియ్యంలో ఆర్సెనిక్ తగ్గింది. మట్టి వైపు తోస్తే గెంటడమూ పనికొస్తుందనడానికి అది రుజువు. 2014లో వచ్చిన మరో పరిశోధన, వైసీఎఫ్1కు బంధువైన ఓఎస్‌ఏబీసీసీ1 అనే వరి ప్రోటీన్ కణుపుల్లోని కణాల రిక్తికలలో ఆర్సెనిక్‌ను ఆపి, గింజకు చేరకుండా కాపాడుతుందని చూపింది. రెండింటిలో నేను రెండోదాని వైపే మొగ్గుతాను, ఎందుకంటే అది వరి సొంత జన్యువు, పరాయి జన్యువు పెట్టవలసిన పని లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది: కణుపులో ఆగినది వరిగడ్డిలోనే ఉంటుంది, ఆ గడ్డి మన వైపు పశువుల మేత. అందుచేత కణుపులో కన్నా వేరులోనే ఎక్కువగా బంధించేలా చూడటం మంచిది. ఎల్‌ఎస్‌ఐ2ను మూసేద్దామంటే సిలికాన్ కూడా ఆగిపోయి పైరు అగ్గితెగులుకు లోబడుతుంది. జన్యువుల జోలికి పోకుండా తడి ఆరబెడుతూ నీరు పెడితే ఆర్సెనిక్ తగ్గుతుంది గాని, గాలి తగిలిన మట్టి నుంచి కాడ్మియం ఎక్కువగా పైరుకు అందుతుంది; దానికి వరిలో ఉన్న అడ్డుకట్ట ఓఎస్‌హెచ్‌ఎంఏ3 అనే ప్రోటీన్, అదీ వేరు కణాల రిక్తికలో బంధించేదే.