చిన్న ఇంటికి బీఎల్‌డీసీ ఫ్యాన్: ఎవరికి గిట్టుతుంది, ఎవరికి గిట్టదు

ఫ్రిజ్ లేని ఒకటి రెండు గదుల ఇంట్లో కరెంటు ఎక్కువగా లాగేది ఫ్యానే. 75 వాట్ల మామూలు సీలింగ్ ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తక్కువ కరెంటుకే తిరిగే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు అదే వాడకానికి 13 యూనిట్లు చాలు. అంటే ఒక్కో ఫ్యానుకు 21 యూనిట్లు మిగులుతాయి. 1200 మిల్లీమీటర్ల సైజు సుమారు రూ.2,500 నుంచి రూ.3,500 వరకు ఉంటుంది. గాలి విషయంలో మామూలు ఫ్యానుకు తీసిపోదు. ఎండాకాలం సాయంత్రాల్లో వోల్టేజి పడిపోయి మామూలు ఫ్యాన్ నీరసించినప్పుడు కూడా ఇది వేగం తగ్గకుండా తిరుగుతుంది.

అయినా పేద ఇంటికి దీన్ని కొనిపెట్టే ముందు ఆ ఇంటి బిల్లు చూడాలి. తెలంగాణలో గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కే కట్టి ఊరుకోవడం కుదరదు, మొత్తం వాడకానికీ కట్టాలి. అప్పుడు బిల్లు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 215, 225 దగ్గర ఆగే ఇంటికి రెండు ఫ్యాన్లు మారిస్తే 42 యూనిట్లు తగ్గి బిల్లు సున్నాకు వస్తుంది. ఈ ఫ్యాన్ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి వాళ్లకే. ఇంటి ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 9 రూపాయలు వసూలు చేసే అద్దె గదుల్లోనూ లాభమే. నెలకు దగ్గర దగ్గర రూ.190 మిగిలి, రూ.2,800 పెట్టి కొన్న ఫ్యాన్ డబ్బులు 15 నెలల్లో తిరిగొస్తాయి.

యూనిట్‌కు రూ.3.10 కట్టే ఇంట్లో నెలకు మిగిలేది రూ.65 మాత్రమే. బాగా తిరిగే ఫ్యాన్ తీసేసి ఇది పెడితే డబ్బులు తిరిగి రావడానికి మూడున్నరేళ్లు పడుతుంది, కాబట్టి వద్దనే చెప్పాలి. ఎప్పుడూ 120, 130 యూనిట్లతో జీరో బిల్లు వచ్చేవాళ్లకు పైసా మిగలదు. పాత ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ముందు 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మార్చి చూడండి, చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది. రాగి చోక్‌తో ఉన్న పాత 40 వాట్ల ట్యూబ్‌లైటు ఇంకా వెలుగుతుంటే ముందు మార్చాల్సింది అదే. ట్యూబ్‌లైటులాగే పొడుగ్గా ఉండే 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్‌కు ఫ్యాన్ ధరలో పదో వంతు కూడా కాదు, రోజుకు ఆరు గంటలు వెలిగే చోట నెలకు ఆరు యూనిట్లు తగ్గుతాయి.

బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు రెగ్యులేటర్‌తోనే. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు కరెంటు నేరుగా స్విచ్ నుంచే రావాలి. మెయిన్ ఆపి, రెగ్యులేటర్ తీసేసి ఆ రెండు వైర్లనూ కలిపి టేప్ చుట్టాలి. కొందరు రెగ్యులేటర్‌ను తీయకుండా 5 మీద పెట్టి వదిలేస్తే చాలనుకుంటారు. ఏదో ఒక రోజు పిల్లలు దాన్ని 2కి తిప్పుతారు, ఫ్యాన్ కుదుపులతో తిరుగుతుంది, చివరికి ఫ్యాన్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతుంది. రాడ్డు బోల్టు జారిపోకుండా దానికి కాటర్ పిన్ పెట్టి కొసలు వంచడం మరవొద్దు.

దీని అసలు బలహీనత ఆ బోర్డే. కెపాసిటర్ ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది, బోర్డు మాత్రం అదే కంపెనీది కావాలి. అందుకే సర్వీసు సెంటరు ఎంత దూరమో కనుక్కున్నాకే కంపెనీని ఎంచుకోండి. రశీదు రేషన్ కార్డుతో పాటు దాచమనండి, వారంటీకి అదే ఆధారం. ఉరుములు, మెరుపుల వేళ రిమోట్‌తో ఆపి ఊరుకోకుండా గోడ స్విచ్ ఆపాలి.

ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు రిమోట్ పెద్ద ఇబ్బంది. అది మంచం కింద పడినా, సెల్లు అయిపోయినా వేగం మార్చుకోలేరు. గోడ రెగ్యులేటర్‌తోనే నడిచేలా తయారైన బీఎల్‌డీసీ మోడళ్లూ ఉన్నాయి, వాళ్లకు అవే తీసుకోండి.

రేకుల ఇంట్లో ఒక్క ఫ్యాన్‌నే నమ్ముకుంటే మధ్యాహ్నం వేడిగాలే కిందికి తోస్తుంది. ఎండలు ముదరకముందే రేకులకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేస్తే తేడా తెలుస్తుంది.

అద్దె ఇల్లయితే ఓనరు ఫ్యాన్‌నూ రెగ్యులేటర్‌నూ సంచిలో కట్టి అటక మీద పెట్టండి. ఖాళీ చేసే రోజు వాటిని మళ్లీ బిగించి, కొత్త ఫ్యాన్‌ను రాడ్డుతో సహా విప్పుకొని తీసుకెళ్లొచ్చు.