షబోలో రేచలా, ఫ్రీమాంట్ పీక్‌లో ఛాలెంజరా? బే ఏరియాలో ఆకాశం చూడ్డానికి ఏది మేలు

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, బే ఏరియాలో తిప్పి చూపించే చోట్లు రెండు మూడు వారాల్లో అయిపోతాయి. గోల్డెన్ గేట్, లివర్‌మోర్ గుడి, మాంటెరే తీరం. ఆ తర్వాత ఎక్కడికి అని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: ఒక రాత్రి టెలిస్కోప్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఏడేళ్ళ పిల్లకీ డెబ్బై ఏళ్ళ తాతయ్యకీ ఒకేలా నచ్చేవి చాలా తక్కువ, వాటిలో ఇదొకటి. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఎక్కడికి వెళ్ళాలన్నదే అసలు ప్రశ్న. నా దృష్టిలో పోటీ రెండింటి మధ్యే: ఓక్లాండ్ కొండల మీది షబో అబ్జర్వేటరీ, శాన్ హువాన్ బటిస్టా ఊరి పైనున్న ఫ్రీమాంట్ పీక్ అనే కొండ మీది అబ్జర్వేటరీ. ఫ్రీమాంట్ పీక్ అంటే మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్ ఊళ్ళో ఉందనుకోకండి. అక్కడి నుంచి దక్షిణంగా గంటన్నర దాకా డ్రైవ్.

షబో కథ 1883లో మొదలైంది. ఆంథనీ షబో అనే ఆయన ఓక్లాండ్ నగరానికి ఇచ్చిన విరాళంతో అబ్జర్వేటరీ కట్టారు. అప్పటి టెలిస్కోప్ పేరు లియా, దాని కటకం వెడల్పు 8 అంగుళాలు. దాని తర్వాత వచ్చిన 20 అంగుళాల టెలిస్కోప్ రేచల్. ఈ రెండూ ముందు భాగంలో కటకాలు బిగించిన పాతకాలపు పొడుగాటి టెలిస్కోప్‌లు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో ఉండిన 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ కూడా ఈ జాతిదే. మూడోది నెల్లీ, 36 అంగుళాల అద్దం ఉన్న కొత్త టెలిస్కోప్. శుక్ర, శనివారాల్లో ఆకాశం తేటగా ఉంటే రాత్రి పూట జనానికి వీటిలో ఉచితంగా చూపిస్తారు. మ్యూజియం, ప్లానిటేరియం చూడాలంటే టికెట్టు వేరే.

రేచల్ ఉన్న డోమ్‌లోకి అడుగుపెడితే ముందు ఆ గొట్టమే కళ్ళు నింపేస్తుంది. అంత బరువున్న దాన్ని వాలంటీర్ ఒక్కరే చేత్తో నెమ్మదిగా తిప్పేస్తారు. డోమ్ తిరిగేటప్పుడు వచ్చే ఆ గరగర శబ్దం పిల్లలకి మహా ఇష్టం. చంద్రుడు, శని, గురుడు, జంట నక్షత్రాలు: వీటికి రేచల్‌ని మించింది నేను చూడలేదు. బొమ్మ అంచులు పదునుగా ఉంటాయి. శని వలయాలు 2025 మార్చిలో మనకి అంచు వైపు తిరిగి దాదాపు మాయమయ్యాయి, ఇప్పుడు మళ్ళీ ఏటికేడు విచ్చుకుంటున్నాయి. గురుడి పక్కన బారులు తీరిన నాలుగు చందమామలు 1610లో గెలీలియో చూసినవే.

అమ్మని తీసుకెళ్ళిన రాత్రి వాళ్ళు సప్తర్షి మండలంలోని వశిష్ఠుణ్ణి చూపించారు. పక్కనున్న అరుంధతి మామూలు కంటికే కనిపిస్తుంది. టెలిస్కోప్‌లో చూస్తే వశిష్ఠుడే రెండు నక్షత్రాలుగా విడిపోతాడు. అమ్మ చూసి, పక్కకి జరిగి, మళ్ళీ వెళ్ళి చూసింది. "పెళ్ళిలో పట్టపగలు చూపించి కనిపించిందా అంటే, కనిపించిందన్నాను. ఇన్నేళ్ళకి నిజంగా చూశాను" అంది. మనవడు ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చి చెబితే, టెలిస్కోప్ దగ్గరున్న పెద్దాయన ఆ కథంతా అడిగి మరీ విన్నారు.

అయితే షబోకి తీరని లోపం ఒకటుంది. కింద ఓక్లాండ్, అవతల శాన్ ఫ్రాన్సిస్కో, చుట్టూ లైట్లే. చంద్రుడికీ గ్రహాలకీ అది అడ్డం కాదు, వాటి వెలుగు వాటికుంది. మసకగా ఉండే గెలాక్సీలకే కష్టం. టెలిస్కోప్ నక్షత్రాల వెలుతురుతో పాటు ఊరి వెలుతురునీ పోగుచేస్తుంది కాబట్టి, నెల్లీకి అంత పెద్ద అద్దం ఉన్నా గెలాక్సీ ఒక పల్చటి మరకలాగే కనిపిస్తుంది. సైజు చూసి ఆశపడి వెళ్ళే పిల్లలు ఇక్కడే నీరసపడతారు.

ఫ్రీమాంట్ పీక్‌లో ఉన్న టెలిస్కోప్ పేరు ఛాలెంజర్. దాని అద్దం 30 అంగుళాలే, నెల్లీ కన్నా చిన్నది. కానీ అది చూపించేది ఎక్కువ. స్టేట్ పార్క్‌లో ఉన్న ఈ అబ్జర్వేటరీని నడిపేదంతా ఔత్సాహికులే. ఆకాశం మీద ప్రేమ తప్ప జీతం లేని వాళ్ళు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా, వెన్నెల అడ్డు లేని శనివారాల్లో జనాన్ని పిలుస్తారు. వేసవి రాత్రుల్లో మాంటెరే అఖాతం మీది పొగమంచు సాలినాస్ లోయలోకి పాకి, కింది ఊళ్ళ లైట్లని కప్పేస్తుంది. మనం ఆ మంచుకి పైన ఉంటాం. అలాంటి రాత్రి దొరికితే అదృష్టమే. దక్షిణాన వృశ్చికం, ధనుస్సు మీదుగా పాలపుంత ఏ పరికరమూ లేకుండానే తెల్లగా పరుచుకుని కనిపిస్తుంది. ఈ దేశంలో పుట్టిన మన పిల్లల్లో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. నన్నడిగితే అంత దూరం వెళ్ళడానికి అదొక్కటి చాలు.

ఛాలెంజర్‌లో ఎం13 నక్షత్ర గుచ్ఛం చూడండి. లక్షల నక్షత్రాలు ఒకేచోట గుమిగూడి ఉంటాయి, మధ్య దాకా విడివిడిగా మెరుస్తుంటాయి. ఎం51 గెలాక్సీ సుడి చేతులు కాసేపు ఓపికగా చూస్తే తేలతాయి. రంగులు మాత్రం ఆశించకండి. అవి ఫోటోల్లోనే, కంటికి బూడిదరంగే. ఈ సంగతి పిల్లలకి కారులోనే చెప్పెయ్యండి.

ఇబ్బందులూ ఉన్నాయి, దాచకూడదు. శాన్ హువాన్ బటిస్టా నుంచి పైకి దాదాపు 11 మైళ్ళు ఒకటే మెలికల రోడ్డు, కడుపులో తిప్పే వాళ్ళకి నరకం. ఛాలెంజర్‌లో చూడాలంటే చాలాసార్లు నిచ్చెన ఎక్కాలి. చీకట్లో నిచ్చెన మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళ పని కాదు. పక్కన సొంత టెలిస్కోప్ పెట్టుకున్న వాళ్ళుంటే అడగండి, నేల మీదే నిలబెట్టి ఆనందంగా చూపిస్తారు. తినడానికి ఏమీ దొరకదు, పులిహోర డబ్బా వెంట ఉండాల్సిందే. జూలైలో కూడా స్వెట్టర్ కావాలి.

ఈ రెండిట్లో ఎటు వెళ్ళాలో తేల్చేది మన వంటింటి గోడ మీది కేలండరే. శుక్ల పక్షం సప్తమి, అష్టమి దగ్గర్లో శుక్రవారమో శనివారమో పడితే షబోకి వెళ్ళండి. సగం చంద్రుడి మీద వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంతల నీడలు పొడుగ్గా పడి, లోతు తెలుస్తుంది. పౌర్ణమికి వెళ్దామంటారు చాలామంది, అది వద్దు. నీడలు లేక చంద్రుడు చదునుగా ఉంటాడు, మిగతా ఆకాశమంతా వెన్నెలకి వెలిసిపోతుంది. అమావాస్యకి అటూ ఇటూ ఉన్న శనివారమైతే ఫ్రీమాంట్ పీక్.

శాన్ హోసేలో హౌగ్ పార్క్‌లో జరిగే స్టార్ పార్టీ కూడా మంచిదే. ఔత్సాహికులు సొంత టెలిస్కోప్‌లు తెచ్చి పెడతారు, ఇంటికి దగ్గర, చిన్న పిల్లలతో గంటలో వెళ్ళి రావచ్చు. శాన్ హోసే పక్కన కొండ మీదున్న లిక్ అబ్జర్వేటరీ సంగతి వేరు. 1888 నాటి 36 అంగుళాల టెలిస్కోప్ అది, వేసవి కార్యక్రమాలు ఉన్నాయో లేదో చూసుకుని, టికెట్టు ముందే కొనుక్కోవాలి.

పెద్దవాళ్ళు ఉంటే షబో, అందులో రెండో ఆలోచన లేదు. మోకాళ్ళు బాగున్న వాళ్ళూ, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలూ ఉంటే, ఒక్కసారే వెళ్ళగలిగితే, నేను ఫ్రీమాంట్ పీక్‌కే ఓటేస్తాను. శని వలయాలు వచ్చే ఏడాది షబోలో అయినా చూడొచ్చు. నల్లటి ఆకాశం మాత్రం మన వీధి చివర దొరకదు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం పార్క్ తెరిచి ఉందో లేదో, ఆ రాత్రి కార్యక్రమం ఉందో లేదో చూసుకోండి. సూర్యాస్తమయానికి ముందే పైకి చేరాలి. తర్వాత వెళ్తే మీ హెడ్‌లైట్ల వల్ల అక్కడున్న అందరి కళ్ళూ మళ్ళీ మొదటికొస్తాయి, చీకటికి అలవాటు పడ్డానికి అరగంట దాకా పడుతుంది. ఫోన్లు జేబులోనే ఉంచండి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టుకుంటే చాలు, దానితో నడవొచ్చు.