కోక్, స్పాంజ్, తుక్కు, హైడ్రోజన్: ఉక్కుకు ఏ దారి మేలు?

టన్ను ఉక్కు తయారీలో గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ పద్ధతిని బట్టి అర టన్ను నుంచి 3 టన్నుల దాకా ఉంటుంది. మన దేశ సగటు సుమారు 2.5 టన్నులు. కేంద్ర ఉక్కు శాఖ 2024 డిసెంబరులో పెట్టిన గీత ప్రకారం 2.2 టన్నుల కంటే తగ్గితేనే అది హరిత ఉక్కు. 2.2 నుంచి 2.0 వరకు మూడు నక్షత్రాలు, 2.0 నుంచి 1.6 వరకు నాలుగు, అంతకంటే తగ్గితే ఐదు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు కొలిములు నడిచేది బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో, అంటే ఖనిజాన్ని కోక్‌తో (గాలి తగలకుండా కాల్చిన బొగ్గుతో) కరిగించి. బాగా నడిపితే ఇది ఆ గీత దగ్గర దాకా వస్తుంది. కిందికి దిగడమే కష్టం. ఫర్నేస్‌లో కోక్ వేడినిస్తుంది, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, పైనున్న బరువును మోస్తూ గాలికి సందులు ఉంచుతుంది. మొదటి రెండు పనులు వేరేవాటితో కొంత చేయించవచ్చు, మూడోది కుదరదు. అందుకే ఎంత బొగ్గు పొడి ఊదినా టన్ను హాట్ మెటల్‌కు (కరిగిన ఇనుముకు) 250-300 కిలోల కోక్ తప్పదు. పైగా ఊదేదీ బొగ్గే కాబట్టి ఖర్చు తగ్గినంతగా కార్బన్ తగ్గదు. ఫలితం కనిపించేది ముడిసరుకు దగ్గర. ఖనిజంలో అల్యూమినా ఎక్కువైతే స్లాగ్ (కరిగిన మలినాల తెట్టు) చిక్కబడుతుంది, దాన్ని పారించడానికి అదనంగా కోక్ కాల్చాలి. 10 కిలోల కోక్ ఆదా అయితే 30 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టే.

బొగ్గుతో కిల్న్‌లో (తిరిగే కొలిమిలో) స్పాంజ్ ఐరన్, అంటే కరిగించకుండానే ఖనిజం నుంచి ఆక్సిజన్ తీసేసిన ఇనుము చేసి, ఇండక్షన్ ఫర్నేస్ అనే కరెంటు కొలిమిలో కరిగించడం చిన్న మిల్లుల దారి. పెట్టుబడి తక్కువే, ఉద్గారం మాత్రం 3 టన్నులకు దగ్గర. ఇంకో చిక్కు: సిలికా లైనింగ్ ఉన్న ఇండక్షన్ ఫర్నేస్ భాస్వరాన్ని తీయలేదు. ఇళ్ల కట్టడాల్లో వాడే ఎఫ్ఈ 500డి రకం కడ్డీలో భాస్వరం 0.040 శాతం దాటకూడదు. స్పాంజ్‌లో ఎక్కువ ఉంటే హీట్ (ఒక విడతలో కరిగించిన సరుకు) మొత్తం కింది గ్రేడుకు పోతుంది.

లెక్కలో గెలిచేది తుక్కు. కరెంటు మెరుపుతో కరిగించే ఆర్క్ ఫర్నేస్‌లో టన్నుకు 400-500 యూనిట్లు. గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకున్నా 350 కిలోల చుట్టూ తేలుతుంది. ఎలక్ట్రోడ్లు, సున్నం, బొగ్గు పొడి కలిపినా ఐదు నక్షత్రాల లోపలే. కాని తుక్కులోని రాగి కరిగించినా పోదు. 0.2 శాతం దాటితే రోలింగ్‌లో ఉపరితలం పగుళ్లు తేలుతుంది. మోటారు వైండింగులు, వైర్లు ముందే ఏరేయాలి. కడ్డీలకు ఈ తుక్కు సరిపోతుంది, కారు డోర్ల షీట్‌కు సరిపోదు. ఎలాగూ దేశంలో దొరికే తుక్కు అందరి అవసరానికీ చాలదు.

ఇక హైడ్రోజన్. బొగ్గు బదులు ఇది ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. టన్ను స్పాంజ్‌కు సుమారు 55 కిలోలు కావాలి. నీటి నుంచి కిలో తీయడానికి 50 పైచిలుకు యూనిట్లు, ఆపైన గ్యాస్ వేడి చేయడం, కరిగించడం కలిపితే టన్ను ఉక్కుకు 3,500 యూనిట్లు. ఇదే గ్రిడ్ నుంచి తీసుకుంటే 2.4 టన్నులు దాటుతుంది, అంటే బ్లాస్ట్ ఫర్నేస్ కంటే మెరుగేమీ కాదు! సౌర, పవన విద్యుత్తుతోనే దీనికి అర్థం. అదీ రాత్రికి హైడ్రోజన్ నిల్వ ఉండాలి. ఖనిజం కూడా 67 శాతం ఇనుమున్న పెల్లెట్ (ఖనిజపు గుళిక) అయితేనే మేలు, నాసిరకమైతే స్లాగ్ పెరిగి కరెంటు తింటుంది.

ఎవరు కొలుస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. 2026 జనవరి 1 నుంచి వర్తిస్తున్న ఐరోపా సరిహద్దు కార్బన్ లెక్క ఉక్కు విషయంలో ప్రత్యక్ష ఉద్గారాలనే చూస్తుంది. మన నక్షత్రాలు కొన్న కరెంటునూ కలుపుతాయి. ఒకే కడ్డీ రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది.

మా తీర్పు: కడ్డీల మిల్లుకు, ఏరిన తుక్కు దొరికితే ఆర్క్ ఫర్నేస్. పెద్ద ప్లాంటుకు ఇప్పటికి ఖనిజం, కోక్ నాణ్యత మీద ఖర్చే ముందు. ఫర్నేస్ రీలైనింగ్ (లోపలి ఇటుకల పొర మార్చడం) 15-20 ఏళ్లకోసారి వస్తుంది, హైడ్రోజన్ ప్రశ్న వేయాల్సింది ఆ డబ్బు మంజూరు కాకముందే.